పెద్దింటి యుద్ధంలో పాకం గారెలు

పెద్దింట్లో యుద్ధం మొదలైందన్న సంగతి నాకు ఫ్లెక్సీలు చెప్పాయి. పెనుగొండ వెళ్ళే రోడ్డుకి ఒక పక్క చిన్నయ్యగారు, రెండో పక్క అబ్బాయిగారు. ఎదురెదురుగా నిలబడి ఒకరికొకరు నమస్కారాలు పెట్టుకుంటున్నారు. ఇద్దరి తలల మీదా మబ్బుల్లోంచి పెద్దాయనే దీవిస్తున్నారు. పోయిన మనిషి ఒక్కరే, ఫోటో ఒక్కటే, దీవెన మాత్రం రెండు పార్టీలకీ. ఆ ఫ్లెక్సీలు ఎంత పెద్దవంటే, వాటి నీడ పడి రెండెకరాల ఆకుమడి ఎదగలేదని రైతులు గోల పెట్టారు. రైతులు పెట్టకపోతే వాళ్ళ తరఫున నేను పెట్టాను.

పెద్దాయన ఉన్నన్నాళ్ళూ మాకు ఈ బాధ లేదు. మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయనే రాజు. ఎన్నికల్లో నిలబడితే గెలిచేవారు, నిలబడకుండా అరుగు మీద కూర్చున్నా గెలిచేవారు. అలాంటి మనిషి పోతూ పోతూ కుర్చీ తమ్ముడిదో కొడుకుదో చెప్పకుండా పోయారు. తమ్ముడంటే చిన్నయ్యగారు. జీవితమంతా అన్నగారి వెనక నడిచి, ఆయన దగ్గితే మంచినీళ్ళు, తుమ్మితే తువ్వాలు అందించిన మనిషి. కొడుకంటే అబ్బాయిగారు. జుట్టు నెరిసినా మాకింకా అబ్బాయే. పెద్దకర్మ భోజనాల్లో ఇద్దరూ ఒకే బంతిలో పక్కపక్కన కూర్చుని తిన్నారు. లేచి చేతులు కడుక్కుని, తడి ఆరకుండానే చెరో పార్టీలో చేరిపోయారు. మర్నాటికి పెద్దింటి వరండాకి అడ్డంగా పూలకుండీల వరస వచ్చింది. అటు పుట్టిన కుక్కపిల్ల ఇటు వస్తే పార్టీ ఫిరాయించినట్టే.

వాళ్ళ ఇంట్లో వాళ్ళు కొట్టుకుంటే మనకేంటి అనుకునే వీల్లేదు. మా డెల్టాలో చుట్టరికాలు పంటకాలువల్లా పారతాయి. పెద్దిల్లు మెయిన్ లాకు. అక్కడ ఒక తలుపు దించితే, ఎక్కడో శివారున ఉన్న మా ఇంట్లో అన్నాదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు. ఎవరి మేనత్తని ఎవరికిచ్చారు, ఎవరి తోడికోడలు ఎవరి ఆడపడుచు అన్నది తవ్వుకుంటూ పోతే, ఈ రెండు జిల్లాల్లో పెద్దింటికి చుట్టం కానిది గోదావరి ఒక్కటే.

ఇక నా సంగతి. మా అక్క మొగుడు, అంటే మా బావ, చిన్నయ్యగారి మనిషి. బావ పొలం కాలువ చివర ఉంది, చిన్నయ్యగారు ఫోన్ చేస్తేనే ఆ చివరికి నీళ్ళు దిగుతాయి. మా మరదలి మొగుడు, అంటే నా తోడల్లుడు, అబ్బాయిగారి మనిషి. ఆయనకి భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ ఉంది, అబ్బాయిగారు ఫోన్ చేస్తేనే ఆ ఫ్యాక్టరీకి కరెంటు ఆగకుండా వస్తుంది. ఒకరిది నీళ్ళ విశ్వాసం, ఇంకొకరిది కరెంటు విశ్వాసం. నాకు పొలమూ లేదు, ఫ్యాక్టరీ లేదు. ఉన్నదల్లా నోరు. అందుకని ఇద్దరూ నన్నే మధ్యవర్తిని చేశారు, అంటే ఒకరినొకరు తిట్టదలచుకున్నవన్నీ నన్ను తిట్టేవారు.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, యుద్ధానికి ముందే వీళ్ళిద్దరూ వియ్యంకులవడానికి ఒప్పుకున్నారు. మా అక్క కూతురు భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తుంది. మా తోడల్లుడి కొడుకు మేత కంపెనీలో పనిచేస్తాడు. రైతుల చెరువుల్లోంచి సీసాల్లో నీళ్ళు పట్టి పరీక్షకి తెచ్చేవాడు. మొదట్లో వారానికొక సీసా, తర్వాత రోజుకొకటి, ఆ తర్వాత పూటకొకటి. చెరువుల్లో మట్టం పడిపోతోందని రైతులు మొత్తుకునేసరికి ఇంట్లో తెలిసింది. తెలిశాక ఎవరూ కాదనలేదు. తాంబూలాలు పుచ్చుకునే రోజున పెద్దాయనే వచ్చి, "బంగారంలాంటి జంటయ్యా" అని దీవించి వెళ్ళారు. ఆయన చివరిగా దీవించిన జంట వీళ్ళే.

ముహూర్తం దగ్గర పడే వేళకి పళ్ళెం గొడవ వచ్చింది. మా వైపు పెళ్ళిలో తాళి కట్టేముందు సూత్రాన్ని పళ్ళెంలో కొబ్బరికాయ మీద పెట్టి పెద్దల దగ్గరికి తిప్పుతారు. ఒక్కొక్కరూ కుడిచేత్తో తాకి, కళ్ళకద్దుకుని, దీవిస్తారు. ఏ ఇంట్లో పెళ్ళయినా ఆ పళ్ళెం ముందు వెళ్ళేది పెద్దింటి చేతికే. నా పెళ్ళిలో పెద్దాయన సూత్రం పట్టుకుని ఎంతసేపు ఆలోచించారంటే, పీటల మీద నాకు గడ్డం పెరిగింది. ఇప్పుడు పెద్దింటికి రెండు చేతులొచ్చాయి. ముందు ఏ చేతికిస్తే వీళ్ళు ఆ చేతి మనుషులు. అది ఊరంతా చూస్తుంది, వీడియో తీస్తారు, ఎన్నికలు నెత్తిమీదున్నాయి.

మా బావ ఫోన్ చేశాడు.

"చూడు బావమరిదీ, ముందే చెప్తున్నాను. పళ్ళెం ముందు చిన్నయ్యగారి చేతిలోకి వెళ్ళకపోతే నా కూతురు పీటల మీదకి రాదు."

"కూతుర్ని అడిగావా బావా?"

"దాన్నేం అడుగుతాం? వరిచేలోకి నీళ్ళు అది పెడుతుందా?"

ఫోన్ పెట్టేసేలోపు ఇంకో ఫోన్. తోడల్లుడు.

"అన్నయ్యగారూ, మీకు తెలియంది కాదు కదండీ. అబ్బాయిగారి చెయ్యి ముందు పడాలండి. లేకపోతే మావాడు సూత్రం ముట్టడండి."

"పళ్ళెం ఇద్దరి చేతికీ ఒకేసారి ఇస్తే?"

"ఒక పక్క నించి ఆయన ముందు తాకేస్తే ఏం చేస్తారండీ? నాలుగు వేళ్ళు ముందు పడినా తేడా కనిపించేస్తుందండి. డ్రోన్ కూడా పెట్టాం."

ఆ నెలంతా నేను భీమవరానికీ పెనుగొండకీ మధ్య బండి మీద తిరిగిన దూరం కలిపితే కాశీకి వెళ్ళి వచ్చేవాణ్ణి, పుణ్యమన్నా దక్కేది. పళ్ళెం తిప్పడం మానేద్దామంటే పురోహితుడుగారు ఒప్పుకోలేదు. ఇద్దర్నీ పిలవద్దంటే ఇద్దరు వియ్యంకులూ ఒప్పుకోలేదు. మా అక్కా, మా మరదలూ మాత్రం నోరు విప్పడం మానేశారు. అంతకుముందు ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటే సెల్లు వేడెక్కి పొగలొచ్చేవి. ఇప్పుడు ఒకరి పేరు ఒకరు ఎత్తితే మొగుళ్ళకి కోపం. చివరికి మా బావ శుభలేఖల కట్ట బీరువాలో పెట్టి తాళం వేశాడు. "పెళ్ళి లేదు, ఏం లేదు" అన్నాడు.

ఆ మర్నాడే మా మేనకోడలు నన్ను ల్యాబ్‌కి రమ్మంది. వెళ్ళేసరికి తెల్లకోటు వేసుకుని గాజుగొట్టంలో నీళ్ళు చూస్తోంది. ఏడుస్తుందేమోనని చేతిరుమాలు రెండు పట్టుకెళ్ళాను. ఏడవలేదు.

"మావయ్యా, నాకు వేరే పెళ్ళికొడుకు వద్దు. అతనికీ వేరే పిల్ల వద్దు. వీళ్ళ కోసం ఎలక్షన్లయ్యేదాకా ఆగితే, ఆ తర్వాత ఓడినవాళ్ళు అసలు రారు. ఇప్పుడే అవ్వాలి."

"ఎలాగమ్మా? పళ్ళెం ఒక్కటే, చేతులు రెండు."

"చిన్నయ్యగారు ఎప్పుడైనా పెళ్ళిలో తినగా చూశావా?"

చూడలేదు. నాయకులు పెళ్ళికొస్తారు, అక్షింతలు వేస్తారు, ఫోటో దిగుతారు, "ఇంకా పది పెళ్ళిళ్ళున్నాయండి" అని వెళ్ళిపోతారు. తినరు. మా వైపు ఎవరింట్లో ఆకు ముందు కూర్చుని తింటే, ఆ ఇంటి మనిషి అయిపోయినట్టే.

"ఇద్దర్నీ టిఫిన్‌కి కూర్చోబెట్టు" అంది. "ఒకే బంతిలో. ముహూర్తానికి ముందు. బఫే వద్దు, అరిటాకులు. స్పూన్లు మండపంలో ఎక్కడా ఉండకూడదు. వంటాయనతో నేను మాట్లాడతాను. బీరువా తాళం అమ్మ తీస్తుంది. నాన్నకి మాత్రం పళ్ళెం ముందు చిన్నయ్యగారికే అని చెప్పు. అక్కడ అతని నాన్నకి అబ్బాయిగారికే అని చెప్పు."

"రెండూ ఎలా నిజమవుతాయే?"

"నువ్వు చెప్పినవి ఎప్పుడైనా నిజమయ్యాయా మావయ్యా?"

ఇది అవమానమో కితాబో తేల్చుకునేలోపు తలుపు దగ్గర సీసా పట్టుకుని పెళ్ళికొడుకు నిలబడి ఉన్నాడు. "పెదనాన్నా, ప్లీజ్" అన్నాడు. సీసాలో నీళ్ళు వణుకుతున్నాయి. అది చూశాక ఇక నేను ఆగలేదు.

ఆగలేదంటే, నా జీవితంలో అంత హుషారుగా అబద్ధాలాడిన వారం ఇంకోటి లేదు. ముందు చిన్నయ్యగారి వైపు వరండాకి వెళ్ళాను.

"ఆయ్, తమరు పెళ్ళికి తప్పకుండా రావాలండి. టిఫిన్ ఏర్పాటు ఉంది గానీ, తమరు తినరని తెలుసండి."

"పనులయ్యా, పనులు. ఎక్కడ తింటాం?"

"అవునండి. అబ్బాయిగారు మాత్రం తింటానన్నారటండి. ఆకేసి కూర్చుంటానన్నారట. ఆ ఇంట్లో మనిషినే కదా అన్నారట."

చిన్నయ్యగారి మీసం ఒక పక్క లేచింది. "ఎవరింట్లో మనిషి? ఆ పిల్ల తాత, నేను ఒక బెంచీ మీద చదువుకున్నాం. నాకూ ఆకెయ్యమను."

కుండీల వరస దాటి అబ్బాయిగారి వైపుకి వెళ్ళాను. కుక్క నా వైపు అనుమానంగా చూసింది. అక్కడ ఇదే పాట, పేర్లు మార్చి. "బాబాయి కూర్చుంటారా? తినడానికా?" అని అబ్బాయిగారు రెండుసార్లు అడిగారు. ఆ తర్వాత, "అయితే ఆయన కంటే ముందు నేనుంటాను" అన్నారు.

పళ్ళెం ముందు మీ ఆయనకే అని బావకీ, తోడల్లుడికీ విడివిడిగా చెప్పాను, శుభలేఖలు బీరువాలోంచి బయటికొచ్చాయి. పెళ్ళిరోజు పెనుగొండలో కళ్యాణమండపం. కడియం తోటల నించి వచ్చిన పూలు చూసి తుమ్మెదలు దారి తప్పి ఇక్కడికే వచ్చేశాయి. ఒకరి కంటే ఒకరు ముందుండాలని నాయకులిద్దరూ ఎంత తొందరగా వచ్చారంటే, సన్నాయి వాళ్ళింకా పళ్ళు తోముకుంటున్నారు. ఒక గేటు నించి ఆయన కార్లు, రెండో గేటు నించి ఈయన కార్లు. మధ్యలో మండపం ఊడుస్తున్న అమ్మాయి చీపురుతో సహా ఇద్దరికీ దండం పెట్టింది.

భోజనాల హాల్లో బల్లలు వేసి ఆకులు పరిచి ఉన్నాయి. చిన్నయ్యగారు ఒక కుర్చీలో కూర్చున్నారు. అబ్బాయిగారు రెండు కుర్చీలు వదిలి కూర్చోబోయారు. వంటాయన, "అయ్యా, ఆకులు ఇక్కడిదాకానేనండి" అని ఆ రెండు ఆకులూ మడిచేశాడు. దాంతో పక్కపక్కనే కూర్చున్నారు. అనుచరులు బంతి నిండా సర్దుకున్నారు. నేను ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడ్డాను, నా గుండె చప్పుడుకి గోడ మీద వినాయకుడి పటం ఊగుతోంది.

ఇడ్లీ వచ్చింది. నెయ్యిలో మునిగిన పెసరట్టు, దాని మీద ఉప్మా, అల్లం పచ్చడి వచ్చాయి. చిన్నయ్యగారు మర్యాదకి ఒక ముక్క తుంపారు. అబ్బాయిగారు రెండు తుంపారు. చిన్నయ్యగారు ఓరకంట చూసి అట్టు మొత్తం తిన్నారు. "ఇంకోటి వెయ్యి" అన్నారు అబ్బాయిగారు. అక్కడ మొదలైంది అసలు యుద్ధం. వడ్డించేవాళ్ళు పరుగులు పెట్టారు, రుబ్బురోళ్ళు వేడెక్కాయి, వంటగదిలో పెసలు అయిపోతే పక్క ఊరికి మనిషిని పంపారని చెప్పుకున్నారు. చెప్పుకున్నది నేనే.

అప్పుడు వంటాయన మా మేనకోడలు చెప్పిన ఆయుధం దింపాడు. పాకం గారెలు. ఒక్కొక్కటి అరచేయంత, వేడివేడి బెల్లం పాకం ఓడుతూ. తినేవాడి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయేలా ఉన్నాయి. "మా పెళ్ళికూతురు దగ్గరుండి చేయించిందండి, కాదనకూడదండి" అని మూడేసి వేశాడు.

అదే సమయానికి సన్నాయి అందుకుంది. మండపంలో జీలకర్ర బెల్లం అయిపోయింది. పురోహితుడుగారు సూత్రం పళ్ళెం పైకెత్తారు. మా బావ ఒక పక్క పట్టుకున్నాడు, మా తోడల్లుడు రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకర్నొకరు లాక్కుంటూ, పల్లకీ బోయీల్లా, భోజనాల హాల్లోకి పరిగెత్తుకొచ్చారు. వెనక వీడియోవాడు, పైన డ్రోను.

"చిన్నయ్యగారూ, చెయ్యి వేయండి!"

"అబ్బాయిగారూ, మీ చెయ్యండీ!"

ఇద్దరు నాయకులూ ఒకేసారి కుడిచెయ్యి ఎత్తారు. ఎత్తి, ఆగిపోయారు. మణికట్టు దాకా బెల్లం పాకం. ఎంగిలి చెయ్యి. సూత్రాన్ని ఎంగిలి చేత్తో ఎలా ముడతారు? బెల్లం బొట్టు ఆకు మీద పడిన చప్పుడు ఆచంట దాకా వినిపించి ఉంటుంది.

అబ్బాయిగారి అనుచరుడొకడు నీళ్ళ సీసా మూత తీశాడు. "సార్, ఆకులోనే కడిగేసుకోండి సార్."

"నోర్ముయ్. ఆయన తింటుండగా నేను చెయ్యి కడిగితే బంతిలోంచి లేచిపోయినట్టే" అన్నారు అబ్బాయిగారు పళ్ళ మధ్య నించి.

బంతిలో కూర్చున్నాక అందరూ ముగించేదాకా ఎవరూ లేవకూడదు. ముందు లేస్తే పక్కవాణ్ణి అవమానించినట్టు. మా డెల్టాలో పార్టీ మారినా క్షమిస్తారు గానీ, బంతిలోంచి లేచినవాణ్ణి క్షమించరు. పైగా ముందు లేచినవాడు ఓడినట్టు. చిన్నయ్యగారు అబ్బాయిగారి ఆకు వంక చూశారు. అబ్బాయిగారు చిన్నయ్యగారి ఆకు వంక చూశారు. ఇద్దరి ఆకుల్లోనూ ఇంకా గారెలున్నాయి. ఎవరూ కదల్లేదు.

"వర్జ్యం వచ్చేస్తోందండీ! సూత్రం తీసుకురండి!" అని మండపంలోంచి పురోహితుడుగారు కేకేశారు.

పళ్ళెం గాల్లో ఉంది. వర్జ్యం వస్తే పెళ్ళి ఆగిపోతుంది, ఈ రోజు ఆగితే ఇక జరగదు. ఆ మాట హాల్లో అందరి మొహాల్లోనూ కనిపించింది. నా నోరు కూడా మొదటిసారి మూతపడింది.

అప్పుడు పీటల మీద నించి మా మేనకోడలి గొంతు వినిపించింది. మైకు అవసరం లేదు, మా వంశం గొంతు.

"నాన్నా, పళ్ళెం వెనక్కి తీసుకురండి. ముందు అమ్మా, అత్తయ్యా తాకుతారు. ఇద్దరూ కలిసి."

మా బావ నోరు తెరిచాడు. "ఇదేంటే…" అని మొదలెట్టాడు. చిన్నయ్యగారు ఎడమచేత్తో ఆగమని సైగ చేశారు. "వెళ్ళవయ్యా, పిల్ల చెప్పినట్టు చెయ్యి" అన్నారు. అబ్బాయిగారు మా తోడల్లుడితో, "మీరూ వెళ్ళండి, ఏం చూస్తున్నారు?" అన్నారు. ఆ రోజు ఆ ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నది అక్కడే.

పళ్ళెం మండపంలోకి తిరిగొచ్చింది. మా అక్క చెయ్యి, మా మరదలి చెయ్యి, రెండూ ఒక్కసారే సూత్రం మీద పడ్డాయి. నెల రోజులుగా మాట్లాడుకోని మనుషులు. సూత్రం వదలకుండానే, "వదినా, చిక్కిపోయావే" అంది మా అక్క. "మీరు మాత్రం?" అంది మా మరదలు. ఇద్దరూ అక్కడే ఏడుపు మొదలెట్టబోతే, "దీవించండమ్మా, తర్వాత ఏడుద్దురు" అని పురోహితుడుగారు పళ్ళెం లాక్కున్నారు. గట్టిమేళం మోగింది. మా తోడల్లుడి కొడుకు మూడు ముళ్ళూ ఎంత గట్టిగా వేశాడంటే, విప్పడానికి మళ్ళీ పెద్దాయనే దిగి రావాలి. జేబులో ఉన్న రెండు చేతిరుమాళ్ళూ నాకే సరిపోలేదు.

కళ్ళు తుడుచుకుంటూ హాల్లోకి తొంగి చూశాను. అనుచరులందరూ మండపం వైపు పరిగెత్తారు. బంతిలో ఇద్దరే మిగిలారు, అంటుకున్న వేళ్ళు గాల్లో పెట్టుకుని.

"బాబాయ్" అన్నారు అబ్బాయిగారు. "మీ మోకాలు ఎలా ఉందండీ? ఇంతసేపు కూర్చుంటే పట్టేస్తుంది కదా."

"పట్టేసిందిరా."

"కలిసి లేద్దామా?"

చిన్నయ్యగారు అటూ ఇటూ చూశారు. "ఆ డ్రోన్‌ని ముందు అవతలకి పొమ్మను."

అబ్బాయిగారు ఎడమచెయ్యి ఆయన మోచేతి కింద వేశారు. ఇద్దరూ ఒక్కసారే లేచారు. ఒకే కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నారు. పాకం కదా, చాలాసేపు పట్టింది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. వినపడి ఉంటే ఈపాటికి మీకు పదింతలు చేసి చెప్పేవాణ్ణి. ఆ తర్వాత మండపంలోకి వచ్చి, చెరో పక్కన నిలబడి అక్షింతలు వేసి, చెరో గేటు నించి వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఫ్లెక్సీలు ఇంకొంచెం పెద్దవయ్యాయి.

అయితే, ఎవరి అక్షింతలు ముందు పడ్డాయి? ఈ ప్రశ్న మా వియ్యంకులిద్దర్నీ ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు. తేల్చుకోవడానికి ఆదివారం ఆదివారం భీమవరంలో కొత్త జంట ఇంటికి వస్తారు. సోఫాలో పక్కపక్కనే కూర్చుని పెళ్ళి వీడియో వేస్తారు. ఆపుతారు, వెనక్కి తిప్పుతారు, మళ్ళీ వేస్తారు.

"అదిగో, చిన్నయ్యగారివే ముందు!"

"అది పువ్వండీ బాబూ! అక్షింతలు ఇంకా రాలేదు!"

సరిగ్గా అక్షింతలు పడే చోటికి వచ్చేసరికి వీడియో తెగి, మా అక్కా, మా మరదలూ నవ్వుతున్న బొమ్మ వస్తుంది. పోయిన వారం నేనూ అక్కడే ఉన్నాను.

"అమ్మాయ్, మిగతా ముక్క ఏదమ్మా?" అని అడిగాడు మా బావ.

"ఉందనుకుంటా నాన్నా. వెతకాలి" అంది మా మేనకోడలు వంటింట్లోంచి. "ముందు రండి, ఆకులు వేశాను. మావయ్యా, నువ్వు మధ్యలో కూర్చోకు. వాళ్ళిద్దర్నీ పక్కపక్కన కూర్చోనీ."